రెండు నోళ్ళ కుండ

కొరీనా ఆ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు వాకిట్లో నాటిన అరటిపిలక ఇంకా గెల వెయ్యలేదు. అంత కొత్త కాపురం. పొద్దున్నే కళ్ళు తెరిచాక తనకి పెళ్ళయిందన్న సంగతి కాసేపు గుర్తొచ్చేది కాదు. గుర్తురాగానే, నిద్రలో ఎవరో గుప్పిట్లో బెల్లంముక్క పెట్టి వెళ్ళినట్టు, ఒక్కర్తే నవ్వుకునేది. పక్కన రమీరో నోరు తెరుచుకుని నిద్రపోతుండేవాడు. ఆ తెరిచిన నోరు కూడా ఆమెకి ముద్దుగానే ఉండేది.

నాపో నది మెలిక తిరిగేచోట, గట్టు మీద ఉంది వాళ్ళ ఇల్లు. టేనా పట్నం నుంచి పడవల్లో యాత్రికులు వస్తారు. రమీరో వాళ్ళని అడవిలో తిప్పి మధ్యాహ్నానికి ఇంటికి తీసుకొస్తాడు. అత్తగారు ఒలింపియా వాళ్ళకి ఆకులో చుట్టి నిప్పుల మీద కాల్చిన చేప, ఉడికించిన కర్రపెండలం, లేత తాటిమొవ్వు పెడుతుంది. గుండెధైర్యం ఉన్నవాళ్ళకి పుల్లకి గుచ్చి కాల్చిన తాటిపురుగులు. అన్నీ అయ్యాక అసలు మర్యాద మొదలవుతుంది. ఇంటి ఆడవాళ్ళు తలా ఒక మట్టిగిన్నె పట్టుకుని వరసగా నిలబడి అసువా పోస్తారు.

అసువా అంటే పెండలం కల్లు. దుంప ఉడికించి, దంచి, అందులో కొంత నమిలి మళ్ళీ ఆ ముద్దలోనే కలిపి, కుండలో పులియబెడతారు. నమలనిదే తీపి దిగదు. ఎంగిలి అన్న మాట ఆ గట్టు మీద ఎవరికీ ముళ్ళులా గుచ్చుకోదు. ఎవరి నోటి రుచి వాళ్ళది. ఎవరి కుండ వాళ్ళది.

ఎవరి కుండ ఎవరిదో చెప్పగలిగేది రమీరో నాయనమ్మ దొమితీలా. ముసలావిడకి కళ్ళు దాదాపు పోయాయి. యాత్రికులు వచ్చిన ప్రతిసారీ ఆవిడ ముందు గిన్నెలు ఒకటొకటిగా పెడతారు. ఒక్కో గుక్క తాగి, నాలుక అంగిట్లో ఆడించి, పేరు చెబుతుంది.

"ఇది ఒలింపియాది. రెండు రోజుల ముందే కుండ దించేసింది. దీనికి పుట్టినప్పటినుంచీ తొందరే."

"ఇది నెల్వాది. కబుర్లు చెబుతూ నమిలింది. పీచు చూడు ఎంత వదిలేసిందో."

పేరు తప్పిందని ఎవరూ ఎప్పుడూ అనలేదు. యాత్రికులు చప్పట్లు కొట్టేవాళ్ళు. కొరీనా మాత్రం పొయ్యి దగ్గర, చేపల మీద ఆకుతో విసురుతూ, ఆ ముసలి నోటి వంకే చూస్తూ ఉండిపోయేది. టేనాలో ఆమె యాత్రికుల మర్యాదల గురించే చదువుకుంది. పుట్టింట్లో అమ్మ కుండకే అందరూ చెయ్యి వేసేవాళ్ళు కాబట్టి తనకంటూ ఒక కుండ ఎప్పుడూ లేదు. నాది ఎలా ఉంటుంది? తియ్యగానా, వగరుగానా? నాయనమ్మ నా గురించి ఏమంటుంది? ఈ ప్రశ్న పట్టుకున్నాక ఆమెకి మరో ఆలోచన లేకుండా పోయింది.

"ఏమే కొరీనా, చేపలకి విసిరీ విసిరీ నీ చెయ్యే విసనకర్ర అయిపోయేట్టుందే" అంది తోడికోడలు నెల్వా ఒకరోజు, తన గిన్నె కడుక్కుంటూ. నెల్వా నోట్లో నువ్వుగింజ నానదు.

"నీ నోటికి కాసేపు విసిరి చూడనా అక్కా? చల్లబడుతుందేమో!"

"ఓహో! మాటల కుండ బానే పులిసింది. అసలు కుండ ఎప్పుడో మరి?"

అసలు కుండ ఎప్పుడన్నది ఒలింపియా చేతిలో ఉంది. కొత్తకోడలు వరసలో నిలబడాలంటే మొదటి కుండ తానొక్కతే చెయ్యాలి. దాన్ని అందరి ఎదుటా నాయనమ్మ రుచి చూడాలి. ఆవిడ మెచ్చి, రుచినిబట్టి మనిషిని పోల్చుకుంటే, కొత్త గిన్నె చేతికొస్తుంది. ఆ గిన్నె అప్పటికే తయారై ఉంది. తాబేటి చిప్ప మీది గళ్ళలా నల్లటి సన్నగీతలు వేసి, ఒలింపియా తానే కాల్చి, వాసానికి బోర్లించి వేలాడదీసింది. కొరీనా ఊడుస్తూ దాన్ని చూసేది, వండుతూ చూసేది, ఏ పనీ లేకపోయినా చూసేది. ఒకవేళ కుండ చెడితే మాత్రం ఆ ముద్ద కోళ్ళపాలు. కోడలి కోసం విడిగా వేసిన పెండలం ఒకే ఒక్క వరస. అది తవ్వేస్తే మళ్ళీ పంట చేతికొచ్చేదాకా పొయ్యి దగ్గరే నిలబడాలి.

ఒక ఉదయం ఒలింపియా ఆమెని చేలోకి తీసుకెళ్ళింది. మంచు ఇంకా ఆకుల మీంచి కారుతోంది.

"చేతులు ఇటివ్వు" అంది.

కొరీనా చేతులు చాపింది. అత్త ఒక్కొక్క వేలూ పట్టుకుని, కణుపు చిటుక్కుమనేదాకా లాగింది. పదివేళ్ళూ అయ్యాక అరచేతుల్లోకి మెల్లగా ఊదింది.

"నా చెయ్యి నీకిస్తున్నా. మా అత్త నాకిలాగే ఇచ్చింది. వాడుకో. పారేసుకోకు."

"నొప్పెట్టింది అత్తయ్యా."

"నొప్పెట్టకపోతే దిగలేదని అర్థం. ఇంక విను. మా చెల్లెలు ఇల్లు కప్పుకుంటోంది, నేనూ నెల్వా మీ మామయ్యా పైఊరు పోతున్నాం. మేం వచ్చేసరికి కుండ కట్టి ఉండాలి. నమిలే రోజు పొద్దున్నించీ మిరపకాయ ముట్టకు. కారం నోరు కుండకి శత్రువు. ఇంకోటి, మూత మాటిమాటికీ తియ్యకు. కుండకి సిగ్గెక్కువ."

"తియ్యను అత్తయ్యా."

"నీ మొహం చూస్తే నమ్మకం కలగడం లేదు" అంటూ ఒలింపియా ఆడవాళ్ళు మోసే పద్ధతిలో బుట్ట వీపున వేసి, తలపట్టీ నుదుటికి తగిలించుకుని పడవ వైపు నడిచింది.

దుంపలు తవ్వడం కొరీనాకి కష్టమనిపించలేదు. వేళ్ళు ఇంకా జివ్వుమంటూనే ఉన్నాయి. ఆ జివ్వుమనడమే అత్త చెయ్యేమో అనుకుంటే నవ్వొచ్చింది. తొక్క తీసి, నదిలో కడిగి, పెద్ద గిన్నెలో ఆకులు కప్పి ఉడికించింది. మెత్తబడ్డాక చెక్కతొట్టిలో పోసి రోకలితో దంచింది. ఆవిరి మొహానికి కొట్టింది. పక్క గదిలో దొమితీలా ఉయ్యాలమంచం మీద పడుకుని ఏదో కూనిరాగం తీస్తోంది. దంపుడు చప్పుడు ఆగగానే కేకేసింది.

"ఎవరే దంచేది?"

"నేనే నాయనమ్మా, కొరీనాని."

"సరే సరే. చెప్పకు. నాకు నోటితో తెలియాలి గాని చెవితో కాదు" అని గోడవైపు తిరిగింది. కాసేపటికి గురక వినిపించింది.

నమలడం మొదలయ్యాక తెలిసింది, అదెంత పనో. చిన్న ముద్ద నోట్లో పెట్టుకోవడం, పలచబడి తీపెక్కేదాకా నమలడం, తొట్టిలోకి వదలడం. మళ్ళీ ముద్ద. మొదట్లో సరదాగా ఉంది. చప్పటి దుంప తన నోట్లోనే తీపిగా మారుతుంటే ఆశ్చర్యంతో కళ్ళు పెద్దవి చేసుకుంది. కాసేపయ్యేసరికి దవడలు పట్టేశాయి. తొట్టిలో చూస్తే ముద్ద తరగడమే లేదు.

అప్పుడొచ్చాడు రమీరో, నదిలోంచి తడిబట్టలతో. గట్టు మీద తన స్నేహితులతో కలిసి చేప కాల్చుకుని తిని వస్తున్నాడు. కారం లేనిదే అతనికి ముద్ద దిగదు. అరటిపండుకి కూడా మిరపకాయ నంజుకునే రకం. వచ్చి ఆమె ఎదురుగా గొంతుక్కూచుని, ఆమె ఉబ్బిన బుగ్గల్ని వింతగా చూశాడు.

"అచ్చం నిల్వకి గింజలు దాచుకున్న అడవిచుంచులా ఉన్నావు."

నోటినిండా ముద్ద ఉండటంతో ఆమె జవాబు చెప్పలేక చేత్తో కొట్టబోయింది. ముద్ద తొట్టిలోకి వదిలాక దవడ పట్టుకుంది.

"పో అవతలికి. నవ్విస్తే నమల్లేను. అబ్బా, నా దవడ ఊడిపోయేలా ఉంది."

"ఏదీ, ఇలా తే. నేనొకటి నమిలి పెడతా."

"ఛీ! మగాళ్ళు నములుతారా? మీ అమ్మకి తెలిస్తే నన్నూ నిన్నూ కలిపి నదిలో తోస్తుంది."

"అమ్మ పైఊళ్ళో ఉంది. నాయనమ్మ గురక పెడుతోంది. చూసేది ఎవరు, ఆ కోడిపెట్టా?"

ఆమె వద్దంటూనే ఉంది, అతను పుక్కిటినిండా ముద్ద కుక్కుకున్నాడు. మొహం గంభీరంగా పెట్టి, కళ్ళు తేలేసి, పెద్దాయన సభలో ఆలోచిస్తున్నట్టు నమిలాడు. కొరీనాకి నవ్వు ఆగలేదు. నాయనమ్మ లేస్తుందని భుజానికి వేలాడే తువ్వాలు నోట్లో కుక్కుకుంది. అతను మరో పుక్కెడు తీసుకున్నాడు. ఆమె కూడా ఒకటి తీసుకుంది. ఎదురెదురుగా కూచుని, మోకాళ్ళు తగులుతుంటే, ఒకరి బుగ్గలు ఒకరు చూసుకుంటూ నమిలారు. ఆపమని చెప్పాలని ఆమెకి తెలుసు. కాని ఇంట్లో వాళ్ళిద్దరే ఉన్న మధ్యాహ్నాలు ఎన్ని దొరుకుతాయి?

"ఎవరికీ తెలీదులే" అన్నాడు రమీరో మూతి తుడుచుకుంటూ.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఇద్దరూ ముద్దని కుండలోకి ఎత్తి మూసేశారు.

ఆ మర్నాటినుంచి కొరీనాకి కుండే లోకమైంది. అరటాకు మూత మీద చెవి పెట్టి వినేది. లోపల ఎవరో గుసగుసలాడినట్టు బుడబుడ. వింటే సరిపోయేది కాదు. కొంచెం మూత ఎత్తి చూసేది. నురగ వచ్చిందా? వాసన మారిందా? వేలు ముంచి నాకేది. తీపి. సాయంత్రం మళ్ళీ ఎత్తేది. తీపి వెనకాల ఏదో చిన్న పులుపు. ఏమిటది? తనదేనా, లేక అతనిదా? ఇద్దరి నోళ్ళూ కలిస్తే మూడో రుచేదైనా పుడుతుందా? ఆ ప్రశ్న ఎంత బాగుందంటే, భయపడాలన్న సంగతి కూడా ఆమె మధ్యమధ్యలో మరిచిపోయేది. మళ్ళీ వాసానికి వేలాడే గిన్నె కంటబడగానే భయం గుర్తొచ్చి గభాల్న మూత వేసేది.

"నాయనమ్మ కనిపెట్టేస్తే?" అంది భర్తతో.

"తొట్టెడు ముద్దలో నాలుగు పుక్కిళ్ళు. నదిలో చెంచాడు ఉప్పు."

"నదిని తాగేది మీ నాయనమ్మ, గుర్తుపెట్టుకో."

అతను తల గోక్కున్నాడు.

ఒలింపియా వాళ్ళు తిరిగొచ్చాక, యాత్రికులు వచ్చిన రోజు ఆకాశం తేటగా ఉంది. దిగింది నలుగురే. కెమెరాలు మెళ్ళో వేసుకున్న ఇద్దరు కుర్రాళ్ళు, డెన్మార్క్ నుంచి వచ్చిన ముసలి దంపతులు. ఆవిడ పేరు బిర్గిత్, ఆయన పేరు ఆక్సెల్. బిర్గిత్‌కి స్పానిష్ కొద్దిగా వచ్చు. వచ్చిన కొద్దిదాంతోనే ప్రతిదీ అడుగుతుంది. చేపకి చుట్టింది ఏ ఆకు? తొడిమ ఎందుకు కొయ్యలేదు? ఈ పురుగు ఏం తిని ఇంత లావైంది? కొరీనాకి ఆవిడ క్షణంలో నచ్చేసింది. ఆక్సెల్ మాత్రం తాటిపురుగుని ఎదురుగా పెట్టుకుని, పరిచయం లేని మనిషి పక్కన కూచున్నట్టు మొహమాటంగా ఉండిపోయాడు.

"తినమను, నిన్ను తినేవి అవి కావని చెప్పు" అంది నెల్వా తమ భాష కిచ్వాలో.

రమీరో దాన్ని స్పానిష్‌లోకి మర్యాదగా మార్చి చెప్పాడు. బిర్గిత్ మొగుడి పురుగు కూడా తానే తినేసింది.

అప్పుడు గిన్నెలు వచ్చాయి. అసువా ఎలా చేస్తారో రమీరో చెప్పాడు. నమలడం దగ్గరికి వచ్చేసరికి కుర్రాళ్ళలో ఒకడి మొహం పాలిపోయింది. ఒలింపియా ఎప్పటిలాగే ఏమీ పట్టించుకోలేదు. తాగేవాళ్ళు తాగుతారు, తాగనివాళ్ళ మొహాలు మనం చూస్తాం అన్నది ఆవిడ పద్ధతి.

దొమితీలా గోడకి ఆనుకుని కూచుంది. మొదటి గిన్నె.

"ఒలింపియా. ఈసారి కొంచెం ఓపిక పట్టింది. వయసు మీద పడుతోంది దీనికి."

రెండోది.

"నెల్వా. తల్లీ, నమిలేటప్పుడైనా నోరు మూసుకోవే."

"నోరు మూసుకుని ఎలా మాట్లాడేది నాయనమ్మా?" అంది నెల్వా. అందరూ నవ్వారు.

మూడో గిన్నె ఒలింపియా తానే తెచ్చి ముసలావిడ చేతుల్లో పెట్టింది. కొరీనా పొయ్యి దగ్గర నిలబడి ఉంది. చేతిలో ఆకుతో విసరడం మానేసింది. రమీరో యాత్రికుల పక్కన తేలు కుట్టిన దొంగలా నిటారుగా నిలుచున్నాడు.

దొమితీలా ఒక గుక్క తాగింది. నాలుక ఆడించింది. ఇంకో గుక్క తాగింది. కనుబొమలు దగ్గరకొచ్చాయి.

"ఎవరిదిది?"

"నువ్వు కదా చెప్పాలి" అంది ఒలింపియా.

"కొత్తపిల్లదని తెలుస్తూనే ఉంది. బావుంది. దంపుడు బాగా కుదిరింది." మూడో గుక్క. "అయితే ఒక్కర్తిదేనా?"

వాకిట్లో కోడిపెట్ట మాత్రం కొక్కొక్కమంది.

"ఏమన్నారు?" అని బిర్గిత్ రమీరో చెయ్యి తట్టింది. "పెద్దావిడ ఏమన్నారు?"

"బాగుందన్నారు" అన్నాడు రమీరో.

"అంత పొడుగు మాటకి అంతేనా?"

"మా భాషలో మాటలు కొంచెం పొడుగు."

దొమితీలా ఈ గొడవ పట్టించుకోకుండా గిన్నె అంచు వాసన చూసింది. "ఇందులో రెండు నోళ్ళున్నాయి. ఒకటి తెలీడం లేదు. రెండోదానికి కారం ఉంది. అడుగున ఎక్కడో, సన్నగా. నమిలే రోజు మిరపకాయ తినే ఆడది మా ఇంట్లో లేదు. మిరపకాయ లేనిదే బతకలేని మనిషి మాత్రం ఒకడున్నాడు."

అందరి కళ్ళూ ఒకేసారి రమీరో వైపు తిరిగాయి. అతను కుర్రాళ్ళ కెమెరా వైపు చాలా శ్రద్ధగా చూడసాగాడు.

ఒలింపియా కోడలి వైపు తిరిగింది. ఆ చూపులో కోపం కన్నా ముందు ప్రశ్న ఉంది. వాడు దొంగచాటుగా చేశాడా, నీకు తెలిసే జరిగిందా అని. వాసానికి వేలాడే గిన్నె ఇద్దరి మధ్యా సన్నగా ఊగుతోంది. నాకు తెలీకుండా చేశాడంటే చాలు, తప్పు అతని మీదికి పోతుంది. రమీరో కూడా కాదనడు. కొరీనా నోరు తెరిచింది. ఎదురుగా ఉబ్బిన బుగ్గలతో, మోకాళ్ళు తగులుతూ కూచున్న ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది. అది తనకి తెలీదని చెప్పడం ఆమెకి చేతకాలేదు.

"నా ఎదురుగానే నమిలాడు అత్తయ్యా. నాకు దవడ నొప్పెట్టింది. వద్దన్నాను గాని..." గొంతు తగ్గింది. "గట్టిగా అనలేదు. సరదాగా ఉండింది."

ముందు నెల్వా పగలబడి నవ్వింది. తర్వాత మామ వెనాన్సియో. "ఒరేయ్ రమీరో! రేపటినుంచి దుంపల బుట్ట కూడా మొయ్యరా! తలపట్టీ ఇప్పించనా?"

"పిల్లాడికి గిన్నె మీద పువ్వులు వెయ్యండి" అంది నెల్వా.

రమీరో చెవులు ఎర్రబడ్డాయి. బిర్గిత్ ఇక ఆగలేకపోయింది. "ఇప్పుడు చెప్పకపోతే నేను పడవ ఎక్కను!" అంది. రమీరో చెప్పాడు, తన తప్పు దగ్గర గొంతు బాగా తగ్గించి. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నవ్వి మొగుడికి చెప్పింది. అప్పటిదాకా నీళ్ళు తప్ప ఏదీ ముట్టని ఆక్సెల్ మొదటిసారి ముందుకి వంగాడు. ఇద్దరూ తమ భాషలో ఏదో వాదించుకున్నారు.

"ఆ గిన్నెలోది వీళ్ళకి కావాలట" అన్నాడు రమీరో, నమ్మలేనట్టు. "ఇద్దరికీ కలిపి."

ఒలింపియా అడ్డంగా తల ఊపింది. "మగాడి నోరు పడ్డది అతిథికి పోసి ఈ ఏటి ఒడ్డున తలెత్తుకోగలమా?"

"అడిగిన అతిథికి లేదని చెప్పి మటుకు తలెత్తుకోగలమా?" అంది దొమితీలా. గిన్నె మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. అందులోది చివరిదాకా తానే తాగుతోంది.

ఒలింపియా కొడుకు వంకా కోడలి వంకా చూసింది. ఆవిడది ఎప్పుడూ తొందరే, తీర్పులో కూడా. వాసం కిందికి నడిచి, కొత్త గిన్నె దించింది. కొరీనా చేతులు తుడుచుకుంది. అత్త ఆమె పక్కనుంచే వెళ్ళి, గిన్నె తీసుకెళ్ళి రమీరో చేతుల్లో పెట్టింది.

"నమిలినవాడివి, నువ్వే పొయ్యాలి. వరసలో నిలబడు."

కొరీనాకి ఏడుపొచ్చింది. అదే సమయంలో, ఆడవాళ్ళ వరస చివర, సన్నగీతల గిన్నె పట్టుకుని ఒడ్డున పడ్డ చేపలా నిలబడ్డ మొగుణ్ణి చూసి నవ్వు కూడా వచ్చింది. రెండూ ఒకేసారి రావడం ఆమెకి అదే మొదటిసారి.

రమీరో కుండలోంచి గుప్పెడు ముద్ద తీసి గిన్నెలో వేశాడు, నీళ్ళు పోశాడు, వేలితో గిర్రున తిప్పాడు. నీళ్ళు ఓ పక్కా, ముద్ద ఓ పక్కా. పీచు పైకి తేలి గడ్డంలా వేలాడింది.

"అతిథికి పోస్తున్నావా, గొర్రెకి కడుగు పెడుతున్నావా?" అంది నెల్వా.

అతను గిన్నె బిర్గిత్ వైపు చాపాడు. గిన్నె ఒక పక్కకి ఒరిగి అంచు మీంచి ఒలికింది. కొరీనా ఇక చూడలేకపోయింది. ఆకు పొయ్యి పక్కన పడేసి, వచ్చి అతని పక్కన నిలబడి, గిన్నెలో చెయ్యి పెట్టింది. వేళ్ళకి ముద్ద తగిలింది. గుప్పెడు పట్టి పిండింది, వదిలింది, మళ్ళీ పిండింది. పీచు ఆమె వేళ్ళ మధ్యే ఆగిపోయింది. తెల్లటి పాలు కిందికి దిగాయి. ఎవరూ నేర్పకపోయినా ఏ వేలు ఎప్పుడు విప్పాలో చేతికి తెలుస్తోంది. లాగిన కణుపులు మళ్ళీ జివ్వుమన్నాయి. ఆమె ఆశ్చర్యంగా తన చెయ్యి తానే చూసుకుంది.

"కాస్త ఇటు వంచు" అంది రమీరోతో, మెల్లగా.

ఒలింపియా అంతా చూస్తూనే ఉంది.

"ఒరేయ్, ఆ గిన్నె ఇంకాసేపు నీ చేతిలో ఉంటే పగులుతుంది. నేను కాల్చింది అందుక్కాదు. దానికిచ్చి పో అవతలికి."

రమీరో రెండు చేతులతో గిన్నె కొరీనా చేతుల్లో పెట్టాడు. పెళ్ళిరోజున కూడా అంత జాగ్రత్తగా ఏదీ ఇవ్వలేదు. ఆమె గిన్నె ఎత్తి బిర్గిత్‌కి అందించింది. ఆవిడ తాగి, మొగుడికిచ్చింది. ఆక్సెల్ కళ్ళు మూసుకుని ఒక గుక్క మింగాడు. కళ్ళు తెరిచి ఇంకో గుక్క తాగాడు. ఇద్దరూ మళ్ళీ వాదించుకోసాగారు.

"ఏమంటున్నారు?" అని ఈసారి ఒలింపియా అడిగింది.

"తీపి అమ్మాయిది, కారం అబ్బాయిది అంటుంది ఆవిడ. కాదు తిరగేసి ఉంటుందంటాడు ఆయన."

"పెళ్ళయి ఎన్నాళ్ళయిందో అడుగు."

"ఆయన నలభై దాటిందంటున్నాడు. ఆవిడ యాభై దగ్గరంటోంది."

"ఇంకా తేల్చుకోలేదన్నమాట" అంది దొమితీలా. ఖాళీ గిన్నె ఒళ్ళో పెట్టుకుంది.

పడవ వెళ్ళిపోయాక కొరీనా ముసలావిడ పక్కన చతికిలబడింది.

"నాయనమ్మా, నా గిన్నె నాకొచ్చింది. కాని నువ్వు నా పేరు చెప్పలేదు. నాది ఎలా ఉంది?"

"కారం అడ్డొచ్చింది. వాడు నీ రుచి మీద కూచున్నాడు."

"ఏమీ తెలీలేదా?"

"ఒకటి తెలిసింది." దొమితీలా పళ్ళులేని నోటితో నవ్వింది. "పైన పులుపు కొంచెం ముందే ఎక్కింది. గాలి తగిలితే అలా ఎక్కుతుంది. మాటిమాటికీ మూత ఎత్తి చూసింది ఎవరే?"

కొరీనా రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"మిగతాది తెలియాలంటే ఇంకో కుండ కావాలి. నువ్వొక్కదానివే నమలాలి. నేను పోయేలోపల నీ రుచి నాకు తెలియాలి. తెలుసుకోకుండా ఉండలేను నేను. నువ్వూ అంతేలా ఉన్నావు."

కోడలి వరస తవ్వేశారు గదా, ఇంకో కుండకి దుంపలెక్కడివి? ఆ మాట కొరీనా పైకి అనకముందే ఒలింపియా తలుపు దగ్గరనుంచి కేకేసింది. "నా వరసలోంచి తవ్వుకో. రేపే. కూచుని ముచ్చట్లాడితే దుంపలు నడిచి రావు."

మర్నాడు దుంపలు ఉడికాయి, దంపుడయింది. ఒలింపియా కొడుకుని పడవతో సహా అవతలి ఒడ్డుకి తోలేసింది. కొరీనా తలుపు దగ్గర కూచుని, ఒక్కో ముద్దా తీరిగ్గా నమిలింది. దవడ నొప్పెట్టినప్పుడు ఆగి, నొప్పి తగ్గాక మళ్ళీ నమిలింది. కుండ నిండాక అత్త స్వయంగా వచ్చి అరటాకు మూత వేసి, దాని మీద అడవితీగ చుట్టి, చుట్టి, చివర విప్పడానికి వీల్లేని ముడి ఒకటి వేసింది.

"ఇప్పుడెత్తు చూద్దాం" అంది.

కొరీనా మూత ఎత్తలేదు. కుండ పక్కనే నేలమీద పడుకుని, మట్టికి చెవి ఆనించింది. ఇంకా చప్పుడేమీ లేదు. లోపల తన రుచి ఒక్కటే ఉంది, ఎవరికీ తెలియకుండా, తనకి కూడా తెలియకుండా.

నది అవతలినుంచి కేక వినిపించింది.

"కొరీనా! నేను ఇంక రావచ్చా?"

ఆమె లేచి గుమ్మంలోకి వెళ్ళి, రెండు చేతులూ నోటికి దొన్నెలా పెట్టుకుని అరిచింది.

"పొద్దున్నించీ మిరపకాయలెన్ని తిన్నావు?"

అవతలి ఒడ్డున రమీరో వంగి, దోసిట్లో ఏటినీళ్ళు తీసుకుని నోరు పుక్కిలించసాగాడు.